రికార్డు రాస్తారు, రాయడం నేర్చుకోరు

ఎల్.ఎల్.బి. చివరి సంవత్సరం వాళ్ల డ్రాఫ్టింగ్ రికార్డులు, అంటే దావాలు, దస్తావేజులు రాసి చూపించే నోటుపుస్తకాలు, దిద్దడానికి కూర్చున్నప్పుడల్లా నాకు రామయ్య కనిపిస్తాడు. వయసు 45, వృత్తి వ్యవసాయం, తండ్రి పేరు వెంకయ్య. 2009 మార్చిలో కుటుంబ ఖర్చుల నిమిత్తం లక్ష రూపాయలు అప్పు తీసుకుని ప్రోనోటు రాసిస్తాడు. ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాడు. 2013 ఆగస్టులో ఆయన మీద దావా పడుతుంది. గత ఆరేళ్లుగా నేను చూసిన దాదాపు ప్రతి రికార్డులోనూ ఇదే రామయ్య, ఇదే లక్ష, ఇవే తేదీలు.

ప్రోనోటు దావాకి గడువు మూడేళ్లు. మధ్యలో ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాయకపోతే 2012 మార్చితో ఆ నోటుకు కాలదోషం పట్టింది. రికార్డులో చెల్లు ఊసే లేదు. అంటే మా పిల్లలు ఏటా, మార్జిన్ గీతలు ఎర్ర పెన్నుతో గీసి, హెడింగులు నల్ల పెన్నుతో రాసి, అట్ట వేసి మరీ, చచ్చిపోయిన నోటు మీద దావా వేస్తున్నారన్నమాట. ఎవరో ఒక సీనియర్ ఎప్పుడో తేదీ వేసేటప్పుడు చూసుకోలేదు. ఆ తర్వాత బ్యాచ్‌లన్నీ ఆ రికార్డునే చూసి రాశాయి. పేజీ కింద లెక్చరర్ సంతకం, మూడుకు రెండున్నర మార్కులు. నేనేదో పట్టేశానని గొప్పకు చెప్పడం లేదు. మొదటి రెండేళ్లు నేనూ కళ్లు మూసుకుని సంతకం పెట్టినదాన్నే.

ఈ రికార్డు ఎక్కడి నుంచి వచ్చిందంటే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ నుంచి. ప్రతి లా విద్యార్థీ డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వేయన్సింగ్ అనే పేపరు చదవాలి. దావాలు, వాటికి జవాబుగా వేసే కౌంటర్లు, అఫిడవిట్ల వంటివి 15, దస్తావేజులు 15 రాయాలి. ఒక్కోదానికి 3 మార్కులు, వెరసి 90, మిగతా 10 వైవాకి. ఉద్దేశం మంచిదే. కానీ మా దగ్గర ఆ పేపరు చివరి సంవత్సరంలో వస్తుంది. అప్పటికి పిల్లలు గైడ్లు బట్టీ పట్టి పరీక్షలు రాసే అలవాటులో పూర్తిగా ఆరితేరి ఉంటారు. వాళ్ల చేతికి ఒకేసారి ముప్ఫై ఎక్సర్‌సైజులు ఇస్తే సీనియర్ల రికార్డు కోసం వెతుక్కోక ఏం చేస్తారు? పైగా మూడు మార్కుల్లో సొంతంగా రాసినవాడికీ ఎత్తి రాసినవాడికీ తేడా చూపించే చోటెక్కడుంది?

లీగల్ రైటింగ్, రీసెర్చ్ అన్నవి మొదటి సంవత్సరంలో, మొదటి నెలలోనే మొదలుపెట్టాలన్నది నా వాదన. అదీ దావా ఫార్మాటుతో కాదు. ఏం జరిగిందో తెలుగులో పది లైన్లు రాయించడంతో.

ఈ మాట స్టాఫ్ రూములో అన్నప్పుడు వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. మొదటిది: "కాంట్రాక్టు చట్టమే రాకుండా కాంట్రాక్టు దావా ఏం రాస్తారు మేడమ్?" రెండోది: "అదంతా సీనియర్ దగ్గర చేరాక వాళ్లే నేర్చుకుంటారులెండి." రెండోదాని సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నేను అలా నేర్చుకున్నదాన్నే.

వకీలుగా ఎన్‌రోల్ అయిన ఏడాది. మా సీనియర్ గారికి క్షణం తీరిక ఉండేది కాదు. ఒక పెద్దాయన వచ్చారు, పొలం గట్టు తగాదా, అవతలివాళ్లను ఆపమని కోర్టును అడిగే ఇంజంక్షన్ దావా వేయాలి. సీనియర్ గారు బీరువా వైపు చూపించి, "పాత ఇంజంక్షన్ కట్ట ఒకటి తీసి పేర్లు మార్చి కొట్టించెయ్యమ్మా" అన్నారు. కొట్టించేశాను. వాది పేరు మార్చాను, ప్రతివాది పేరు మార్చాను, సర్వే నంబరు మార్చాను. చివర షెడ్యూల్లో ఉండే నాలుగు హద్దుల్లో తూర్పు, దక్షిణం మార్చి, ఉత్తరం, పడమర వదిలేశాను. మధ్యలో ఫోనేదో వచ్చినట్టుంది. దావా నంబరైంది, నోటీసులు వెళ్లాయి. అవతలి వకీలు కౌంటరులో మొదటి పేరాలోనే పట్టుకున్నారు: వాది చెబుతున్న హద్దులు ఆ ఊళ్లోనే లేవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 3 ప్రకారం స్థిరాస్తి దావాలో ఆస్తిని గుర్తుపట్టేలా వివరించి తీరాలి. సవరణ పిటిషన్ వేశాం, దానికి అవతలివాళ్ల కౌంటరు, దాని మీద వాయిదాలు. నాలుగు నెలలు పోయాయి.

పెద్దాయన నన్ను తిట్టలేదు. కోర్టు వరండాలో నిలబడి, "అమ్మా, నా పొలం హద్దులు నన్నడిగితే చెప్పేవాణ్ణి గదా" అన్నారు. అంతే. పక్కనున్న మా గుమాస్తా గారు తల తిప్పుకున్నారు.

నేను ఆయన్ని అడగలేదన్నది నిజం. అడగాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే నా దృష్టిలో దావా రాయడం అంటే పాత కాగితంలో ఖాళీలు పూరించడం. ఐదేళ్ల కోర్సులో ఒక్కరు కూడా నాకు వేరేలా చెప్పలేదు. సీనియర్ ఆఫీసులో నేర్చుకోవచ్చు, తప్పకుండా. కానీ అక్కడ మన తప్పులకు ఫీజు కట్టేది క్లయింటు.

ఇక మొదటి ఆక్షేపణ, సబ్జెక్టు రాకుండా రాత ఎలా అన్నది. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. ఆర్డర్ 6 రూల్ 2 ఏమంటుందంటే, ప్లీడింగులో, అంటే దావాలో గానీ దాని జవాబులో గానీ, ఉండాల్సింది ఆ పక్షం ఆధారపడే ముఖ్యమైన సంగతులు మాత్రమే, అదీ క్లుప్తంగా. వాటిని రుజువు చేసే సాక్ష్యం అక్కడ అక్కర్లేదు. దావా అంటే మొట్టమొదట సంగతుల చిట్టా. సంగతులు ఏరుకోవడానికి సెక్షన్లు రానక్కర్లేదు, మనుషులు మాట్లాడేది శ్రద్ధగా వినడం వస్తే చాలు.

ఇంకోటి కూడా ఉంది. మన పిల్లలు చట్టం రాకుండా రారు. రెండేళ్ల కిందట రామయ్య పేజీ జిరాక్సు తీయించి మొదటి సంవత్సరం క్లాసులో పంచాను. "ఇందులో ఒక పెద్ద తప్పుంది, వెతకండి" అన్నాను. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ యాక్ట్ పేరు కూడా వినని క్లాసు అది. పది నిమిషాలైందో లేదో వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, "మేడమ్, నోటు పోయింది గదా, మూడేళ్లకి తిరగరాయించుకోలేదు" అన్నాడు. వాళ్ల నాన్న ఊళ్లో వడ్డీకి డబ్బులిస్తారట. ఏటా మూడేళ్లు నిండబోయే నోట్లు వరసగా పెట్టి తిరగరాయించడం వాడు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. చివరి సంవత్సరం వాళ్లు ఆరు బ్యాచ్‌లుగా చూడనిది వాడికి పది నిమిషాల్లో కనిపించింది. మూడేళ్ల లా కోర్సులో మనం వాడికేం నేర్పుతామో తెలియదు గానీ, ఈ చూపు పోగొట్టకుండా ఉంటే అదే పదివేలు.

సరే, పది లైన్ల ఎక్సర్‌సైజు సంగతి. పేర్లు చెరిపేసిన ఒక ప్రోనోటు జిరాక్సు ఇస్తాను. "కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినం తమ వద్ద నేను నగదుగా ముట్టిన రూ. 2,00,000లు... తమరు గానీ తమ ఆర్డరు పొందినవారు గానీ కోరినప్పుడు అసలు వడ్డీలు చెల్లించుకోగలవాడను" అని మామూలు పద్ధతిలో ఉంటుంది. వందకు రెండు రూపాయల వడ్డీ. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షులు, దస్తూరి. దానితోపాటు క్లయింటు చెప్పుకున్న కథ ఒక పేజీ, ఆయన మాటల్లోనే, వంకర టింకరగా. చిట్టీ పాడిన డబ్బు ఎలా వచ్చిందీ, తోడల్లుడితో గొడవ, అప్పు తీసుకున్నవాడి కూతురి పెళ్లిలో వడ్డించిన కూరలు, అన్నీ ఉంటాయి. డబ్బిచ్చింది రాత్రి పూట తన ఇంట్లోననీ, సాక్షులు మర్నాడు పొద్దున వచ్చి సంతకాలు చేశారనీ మధ్యలో ఒకచోట, పెళ్లి భోజనాల వర్ణనలో కలిసిపోయి, ఒక వాక్యం ఉంటుంది. అది నేను కావాలని దాచింది.

రాయమంటే మొదటిసారి ఏం రాస్తారో చూడండి. ఒకబ్బాయి రాసింది: "ప్రతివాది దురుద్దేశముతో, మోసపూరిత ఆలోచనతో, అమాయకుడైన వాదిని తీయటి మాటలతో నమ్మించి..." నేను పక్కన కూర్చుని అడిగాను, "దురుద్దేశం నోటులో ఏ మూల కనిపించింది నీకు?" వాడు నోటు తిప్పి చూశాడు. "తీయటి మాటలన్నావు, ఏం మాటలు?" క్లయింటు పేజీ చూశాడు. లేవు. "మరి ఎక్కడివి?" వాడు నవ్వేసి, "సినిమాలో అలాగే ఉంటుంది మేడమ్" అన్నాడు. నిజాయితీపరుడు.

మా క్లాసులో ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల పక్కనే రిటైరైన ఉద్యోగులూ కూర్చుంటారు. రెవెన్యూలో పనిచేసి వచ్చిన ఒకాయన కాగితం నిండా "సదరు". సదరు వ్యక్తి, సదరు నోటు, సదరు తేదీ. ఏ సదరు ఎవరో ఆయనకే తెలియాలి. "మీరు ఇంట్లో మేడం గారితో ఇలాగే మాట్లాడతారా?" అంటే క్లాసంతా నవ్వింది, ఆయనా నవ్వారు. రెండో డ్రాఫ్టులో మూడు సదరులు మిగిలాయి. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఒక్క వారంలో పోదు కదా.

తెలుగులో ఎందుకు రాయిస్తున్నానని కొందరికి అనుమానం. హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ నడిచేది ఇంగ్లీషే, రాజ్యాంగం 348వ అధికరణం సంగతి నాకు తెలియక కాదు. జిల్లా కోర్టుల్లో కూడా మేం దావాలు వేసేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. కాబట్టి ఇంగ్లీషు రాకుండా వదిలేయమని నేను అనడం లేదు. కానీ మా క్లాసులో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు తెల్ల కాగితమిచ్చి ఇంగ్లీషులో రాయమంటే చేతులు వణుకుతాయి. ఆ టెన్షన్‌లో దొరికినదాన్ని పట్టుకుంటారు, అదే సీనియర్ రికార్డు. "ది ప్లెయింటిఫ్ మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ సబ్మిట్స్" అని మొదలుపెట్టి మూడు లైన్లు గడిచేదాకా ఎవరు ఎవరికి డబ్బిచ్చారో తేలదు. అదే తెలుగులో "2021 జూన్ 14న ప్రతివాది వాది పేర రెండు లక్షలకు ప్రోనోటు రాసిచ్చాడు" అని ఒకసారి తేల్చుకున్నాక, దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి పదో తరగతి గ్రామరు సరిపోతుంది. ఆలోచన తేలనిచోట భాషను తప్పుపడుతుంటాం.

అలాగని తెలుగైతే చాలు, అదే తేటగా ఉంటుందనుకుంటే అదీ పొరపాటే. మన దస్తావేజుల తెలుగు చూడండి. "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ స్వామ్యములతో" అమ్ముతుంటారు, అమ్మేది మూడో అంతస్తులో డబుల్ బెడ్రూమ్ ఫ్లాటు. నాకు ఆ వరస వినడం ఇష్టమే, మంత్రంలా ఉంటుంది. అయితే ఆ ఎనిమిదింట్లో ఒక్కొక్కటీ ఏమిటో చెప్పగలిగినవాళ్లే దాన్ని రాయాలని మా క్లాసులో రూలు పెట్టాను. ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు.

ఒక్క అంకె తప్పు పడితే ఏమవుతుందో చూపించడానికి చెక్కు బౌన్సు నోటీసు బాగా పనికొస్తుంది. చెక్కులు, ప్రోనోట్ల సంగతి చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు నిలవాలంటే ముందు నోటీసులో చెక్కు మొత్తాన్ని అడగాలి. కావేరీ ప్లాస్టిక్స్ కేసులో చెక్కు కోటి రూపాయలకైతే నోటీసులో రెండు కోట్లు అడిగారు. టైపింగ్ పొరపాటని వాదించారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, కేసు పోయింది. ఇది క్లాసులో చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పాత నోటీసులో పేర్లు మార్చి కొట్టించే అలవాటుకి ఇంతకంటే మందు నా దగ్గర లేదు. నా హద్దుల కథ కూడా అప్పుడే చెప్తాను.

ఇక రీసెర్చ్. ఇక్కడ ఇబ్బంది పూర్తిగా మారిపోయింది. నేను చదివే రోజుల్లో తీర్పు దొరకడమే కష్టం. బార్ అసోసియేషన్ లైబ్రరీలో తీర్పులు అచ్చువేసే ఏ.ఐ.ఆర్. వాల్యూములు, ఏ.ఎల్.టి., ఏ.ఎల్.డి. సంచికలు, కావలసిన పేజీ ఎవరో చింపుకుపోయి ఉండేది. ఇప్పుడు 2008 నుంచీ తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ వెబ్‌సైటు ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ పేరుతో దాదాపు 34 వేల తీర్పులు ఉచితంగా అందుబాటులో పెట్టింది. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. అదే ఏడాది తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు కూడా ఇచ్చింది. దొరకడం లేదన్న సాకు ఇక చెల్లదు. ఇప్పటి జబ్బు ఏమిటంటే, ఏదో ఒకటి దొరకగానే ఆగిపోవడం.

దీనికి నేను ఇచ్చే లెక్క ఒకటే, ఏటా అదే. ఒకాయనకు ఆరెకరాల పిత్రార్జితం. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పెళ్లి 1983లో అయింది. భార్య ముందే పోయింది, ఆయన 2003లో వీలునామా రాయకుండా పోయారు. పంపకాలు జరగలేదు. కూతురికి ఎంత వస్తుంది? వారం టైము, ఫోను వాడుకోవచ్చు, ఎవరినైనా అడగొచ్చు.

కొందరు రెండో రోజుకే వచ్చేస్తారు. "రాదు మేడమ్. ఎన్టీఆర్ గారి చట్టం ప్రకారం 1985కి ముందు పెళ్లయితే రాదు." నిజమే, మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసి, కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చారు. ఆ తేదీకి ముందు పెళ్లయినవాళ్లని మాత్రం వదిలేశారు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవయ్యేళ్లు పట్టింది. మన ఇళ్లలో ఈ చట్టం అందరికీ తెలుసు కాబట్టి సగం మంది అక్కడే ఆగుతారు.

మిగతావాళ్లు 2005 కేంద్ర సవరణ దాకా వెళ్తారు. అందులో పెళ్లి ప్రస్తావన లేదు, కూతుళ్లందరికీ హక్కు. సంతోషంగా పరిగెత్తుకొస్తుంటే దారిలో ప్రకాశ్ వర్సెస్ ఫులవతి తీర్పు తగులుతుంది. 2015లో ఇద్దరు జడ్జిల బెంచి చెప్పింది: 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలి. మన లెక్కలో తండ్రి 2003లోనే పోయారు. మళ్లీ "రాదు". ఇంకొందరికి 2018 నాటి దానమ్మ తీర్పు దొరుకుతుంది, అందులో తండ్రి 2001లో పోయినా కూతుళ్లకు వాటా ఇచ్చారు, అదీ ఇద్దరు జడ్జిలే. రెండూ దొరికిన అమ్మాయి ఒకతి నా దగ్గరికి వచ్చి, "ఏది నమ్మాలి మేడమ్, ఇద్దరూ సుప్రీంకోర్టే గదా?" అని నిజంగానే బెంగపడింది. ఈ ప్రశ్న పుట్టినరోజే లీగల్ రీసెర్చ్ మొదలైనట్టు. అంతకుముందు చేసింది గూగులింగ్.

2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి ఈ చిక్కు తేల్చింది. హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు. ఫులవతిలో చెప్పింది చెల్లదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకం, కోర్టు డిక్రీ, అమ్మకం వంటివి జరిగి ఉంటే అది వేరే కథ. మన లెక్కలో అవేవీ లేవు.

ఇప్పుడు ఎకరాల్లోకి రండి. కూతురికి పుట్టుకతో హక్కు లేదనుకుంటే, తండ్రి వంతుకు వచ్చే రెండెకరాల్లో మూడో వాటా, అంటే సుమారు 67 సెంట్లు. హక్కుంటే రెండెకరాలు. రెండో రోజే ఆగిపోయిన వకీలు దగ్గరికి వెళ్లిన ఆడబిడ్డకి ఎకరం ముప్ఫై మూడు సెంట్లు పోయాయి. మా వైపు ఎకరం ధర పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు, వాళ్లే లెక్కేసుకుంటారు. గడువు, స్వాధీనం లాంటి తలనొప్పులు ఇంకా ఉన్నాయి, అవి తర్వాతి క్లాసులకు.

ఈ ఎక్సర్‌సైజులో నేను మార్కులు వేసేది జవాబుకి కాదు. దారికి. ఏ రోజు, ఎక్కడ, ఏ మాటతో వెతికారు, ఏం దొరికింది, దాన్ని ఎందుకు వదిలేశారు, ఇదంతా ఒక నోటుబుక్కులో రాయాలి. తప్పు జవాబుతో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లున్నారు. సరైన జవాబు రాసి, దారి ఖాళీగా వదిలిన ఒకబ్బాయికి సున్నా వేశాను. అలిగాడు, వాళ్ల బాబాయి వకీలని తర్వాత తెలిసింది.

తీర్పు చదవమంటే పైన సారాంశంగా వేసే హెడ్‌నోట్ చదివి వచ్చేవాళ్లతో మరో పోరు. హెడ్‌నోట్ రాసేది జడ్జి కాదు, తీర్పులు అచ్చువేసే లా పత్రికలవాళ్లు. అది తీర్పులో భాగం కానే కాదు. ఇదీ, పాత సెక్షన్ల గొడవా కలిసి వస్తాయి. 2024 జులై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం ఇప్పుడు 318. మా లైబ్రరీ పుస్తకాలన్నీ ఇంకా ఐ.పి.సి.లోనే ఉన్నాయి. "ఫోర్‌ట్వంటీగాడు" అన్న తిట్టు మాత్రం ఏ సవరణకూ లొంగదనుకుంటాను. త్రీ ఎయిటీన్‌గాడు అంటే ఎవరికి కోపమొస్తుంది?

చాట్‌జీపీటీ సంగతి చెప్పకపోతే దాచిపెట్టినట్టుంటుంది. పిల్లలు వాడుతున్నారు, వకీళ్లూ వాడుతున్నారు. పోయినేడు ఒకబ్బాయి చాలా చక్కని నోట్ రాసుకొచ్చాడు. అందులో ఒక తీర్పు సరిగ్గా అతికినట్టుంది, మరీ ఎక్కువ అతికింది. ఇద్దరం కూర్చుని ఆ వాల్యూము, ఆ పేజీ తీశాం. అక్కడ అమ్మకం పన్ను కేసు ఉంది. వాడి మొహం పాలిపోయింది. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో వకీళ్లు ఇలాగే లేని తీర్పులు కోర్టులో దాఖలు చేసి, 5,000 డాలర్లు జరిమానా కట్టారని అప్పుడు చెప్పాను. వాడొద్దని చెప్పలేదు. చెప్పినా ఆగరు. తెరిచి చదవని తీర్పు పేరు కాగితం మీద కనిపిస్తే ఆ కాగితం చించేస్తానని మాత్రం చెప్పాను. ఇప్పటికి రెండు చించాను.

ఐరాక్ గురించి అడుగుతుంటారు. ఇష్యూ, రూల్, అప్లికేషన్, కన్‌క్లూజన్. 2022లో స్టేట్ బ్యాంక్ వర్సెస్ అజయ్ కుమార్ సూద్ కేసులో, ఒక హైకోర్టు తీర్పు అర్థం చేసుకోలేనంత గజిబిజిగా ఉందని సుప్రీంకోర్టు మొట్టికాయ వేసి, తీర్పులు ఎలా రాయాలో చెబుతూ ఈ పద్ధతిని ప్రస్తావించింది. నేనూ నేర్పుతాను, కానీ రెండో సెమిస్టరులో. ముందే నేర్పితే నాలుగు డబ్బాలు గీసి నింపుతారు, ఇంకో రికార్డు తయారవుతుంది. పైగా ఆ నాలుగక్షరాల్లో సంగతులకు అక్షరమే లేదు.

ఇంత చెప్పాక, ఇది ఎవరూ ఎందుకు చేయడం లేదన్న అసలు కారణం కూడా చెప్పాలి. దిద్దడం. అరవై మంది క్లాసు, పది లైన్ల కాగితాన్ని సరిగ్గా దిద్దడానికి పన్నెండు నిమిషాలు, అంటే పన్నెండు గంటలు. రెండో డ్రాఫ్టుకి మళ్లీ పన్నెండు. నాలాంటి గెస్ట్ ఫ్యాకల్టీకి డబ్బులిచ్చేది క్లాసు గంటకి, దిద్దే గంటకు పైసా లేదు. సిలబస్‌లో లేని పని, జీతం లేని పని, పగలు కోర్టు. అమెరికాలో లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే బార్ అసోసియేషన్ మొదటి సంవత్సరంలోనే ఒక రైటింగ్ కోర్సు ఉండి తీరాలని నిబంధన పెట్టింది. మన నేషనల్ లా యూనివర్సిటీల్లో మొదట్లోనే లీగల్ మెథడ్స్ చెబుతారు. జిల్లాల్లోని మామూలు కాలేజీల్లోనే ఈ పని ఎవరి ఖాతాలోనూ లేదు. రేపు జిల్లా కోర్టుల్లో జనం కేసులు పట్టుకునేదేమో ఎక్కువగా ఈ కాలేజీల పిల్లలే.

ముప్ఫై ఎక్సర్‌సైజుల బదులు ఆరు చాలంటాను. మొదటి ఏడాదిలోనే, ఒక్కోటి రెండేసి సార్లు, రెండోసారికే మార్కులు. దిద్దే గంటలకు క్లాసు గంటల రేటే కట్టాలి. ప్రిన్సిపాల్ గారికి ఇదే రాసిచ్చాను, అర పేజీలో. "చూద్దామమ్మా" అన్నారు. ఆ మాటకు గడువు ఎంతో లిమిటేషన్ యాక్ట్‌లో లేదు.

మొన్న ఆదివారం ఈ ఏడాది ప్రోనోటు కాగితాల రెండో డ్రాఫ్టులు ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి నలభై మూడయ్యాయి. రాత్రి డబ్బు, పొద్దున సాక్షులు, ఆ దాచిన వాక్యాన్ని ఒక్కరూ పట్టుకోలేదు. సాక్షుల ఎదుట డబ్బు ముట్టిందని నోటులో ఉన్నదే అందరూ దించేశారు. నలభై నాలుగోది మాటామంతీ తక్కువగా ఉండే ఒక అమ్మాయిది. మూడో లైనులో "ప్రతివాది సాక్షుల ఎదుట రెండు లక్షలు తీసుకున్నాడు" అని రాసి, అడ్డంగా కొట్టేసింది. దాని కింద ఇంకా చిన్న అక్షరాలతో రాసుకుంది: "ప్రతివాది నోటు మీద సంతకం చేశాడు. డబ్బు ఇస్తుండగా చూసినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు. క్లయింటుని మళ్లీ అడగాలి."

సంతకం రుజువైతే డబ్బు ముట్టినట్టే అనుకోమని అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ చెబుతుంది, దాన్ని అవతలివాళ్లు ఖండించవచ్చు కూడా. ఆ అమ్మాయి ఇంకా ఆ సెక్షన్ దాకా రాలేదు. పక్కన ఎర్ర పెన్నుతో "అడుగు" అని రాసి, నలభై ఐదోది తీశాను.